విడిపోయాక వెంటపడే మెదడు

‘ఒక్కసారి మాట్లాడు, చాలు.’ విడిపోయి నెలలు గడిచినా రోజూ ఈ మెసేజ్ వస్తుంటే, చూసినవాళ్లు ‘పాపం, ఎంత ప్రేమో’ అంటారు. అది ప్రేమకు కొలత కాదు.

2010లో అమెరికాలో మానవశాస్త్రవేత్త హెలెన్ ఫిషర్ బృందం, ప్రేమించినవాళ్లు కాదన్నాక తేరుకోలేకపోతున్న 15 మందికి మెదడు ఎఫ్‌ఎంఆర్‌ఐ స్కాన్ తీస్తూ ఆ మనిషి ఫొటో చూపించింది. డోపమైన్‌తో నడిచే ప్రతిఫల కేంద్రాలు, కొకైన్ కోసం తపించేటప్పుడు చురుకయ్యే భాగాలు మేల్కొన్నాయి. దూరమైతే కోరిక తగ్గాలి కదా! కొంతకాలం అది తగ్గదు.

అయితే బాధపడే అందరూ వెంటపడరు. ‘తను తిరిగొస్తేనే నాకు బతుకు’ అని జీవితాన్నంతా ఒక్క మనిషికే ముడివేసుకున్నవాళ్లు పదేపదే అదే తలపోస్తూ మరింత వెంటపడతారని కూపాక్, స్పిట్జ్‌బర్గ్ అనే పరిశోధకులు వివరించారు.

దీనికి ఆజ్యం పోసేది అప్పుడప్పుడూ అందే జవాబు. ఎప్పుడు గింజ పడుతుందో తెలియని పావురాలు, గింజలు ఆగిపోయాక కూడా, ప్రతిసారీ గింజ దొరికినవాటికన్నా ఎక్కువకాలం మీట పొడుస్తూనే ఉంటాయని మనస్తత్వవేత్త స్కిన్నర్ ప్రయోగాల్లో తేలింది. వారాలపాటు పలకని అమ్మాయి, పుట్టినరోజు శుభాకాంక్షలకు మర్యాద కొద్దీ ‘థాంక్స్’ అని పెడుతుంది. అవతలివాడికి అది గింజ. ఇన్ని మెసేజ్‌లు పెడితే ఒక జవాబు వస్తుందన్న లెక్క వాడికి దొరికిపోతుంది. అందులో ఆమె తప్పేమీ లేదు. వెంటపడటం పూర్తిగా వాడి బాధ్యతే. ‘వద్దు’ అన్నకొద్దీ వెంటపడితే చివరికి ఒప్పుకుంటుందని దశాబ్దాలుగా చూపించిన మన సినిమాలకూ ఇందులో వాటా ఉంది.

అందుకే నిపుణులు స్పష్టంగా ఒక్కసారి ‘వద్దు’ చెప్పి, ఆపై పూర్తిగా మౌనం పాటించమంటారు. జవాబులు ఆగిపోగానే కాల్స్ తగ్గకపోగా ముందు పెరగవచ్చు. విసిగి ఫోన్ ఎత్తాలనిపించేది సరిగ్గా అప్పుడే. ఇంట్లోవాళ్లకీ స్నేహితులకీ చెప్పి ఉంచాల్సిందీ అప్పుడే. బెదిరింపు కనిపిస్తే ఇక ఎదురుచూడకుండా 112కి ఫోన్ చేయాలి.

మెసేజ్‌లు, కాల్ లాగ్ చెరిపేయకూడదు, ఫిర్యాదుకు అవే సాక్ష్యం. ఇష్టం లేదని చెప్పినా స్త్రీని పదేపదే వెంబడించడం, ఆమె ఇంటర్నెట్ వాడకంపై నిఘా పెట్టడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి మూడేళ్ల వరకు, మళ్లీ చేస్తే అయిదేళ్ల వరకు జైలు. ఇదే వేధింపు పడే మగవాళ్లకు ఈ సెక్షన్ వర్తించదు. ఆ లోటు పూడ్చాలి.