మాట ఇచ్చేది ఒకరు, నిలబెట్టేది ఇంకొకరు



మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రానికి కొండ మీంచి వించిలో దిగినవారు చూసే ఉంటారు. పైన యంత్రం లాగుతుంది, కింద పెట్టె బరువు లాగుతుంది. ఒత్తిడంతా నడుమనున్న ఉక్కు తాడుది. మనుషుల్ని పనికి కుదిర్చే వృత్తి కూడా అలాంటిదే.

కొరాపుట్, రాయగడ పల్లెల నుంచి ఇటుక బట్టీలకు కూలీలను తీసుకెళ్లే మేస్త్రీని మీరెరుగుదురు. ఒడియాలో సర్దార్ అంటారు. విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో కంపెనీకి ఉద్యోగులను వెతికిపెట్టే చదువుకున్న అమ్మాయినీ ఎరుగుదురు. ఒకరిది చెప్పులరిగే పని, మరొకరిది రోజంతా ఫోను పట్టుకునే పని. బాధ మాత్రం ఒకటే. మాట ఇచ్చేది వీరు, దాన్ని నిలబెట్టే అధికారం ఇంకొకరిది.

మేస్త్రీ సంగతే చూడండి. యజమాని దగ్గర అడ్వాన్సు తెచ్చి కుటుంబాలకు పంచుతాడు. ఒక కుటుంబం రాకపోతే యజమాని ఇతన్నే నిలదీస్తాడు. అక్కడ కూలి సరిగా ముట్టకపోతే ఊళ్లో ముసలి తల్లిదండ్రులు ఇతని గుమ్మం ముందే కూర్చుంటారు. ఇది ఇప్పటి కథ కాదు. వెనుక కోస్తా జిల్లాల నుంచి తెలుగువారు రంగూను రేవుకు, బియ్యం మిల్లులకు వెళ్లిన రోజుల్లోనూ మేస్త్రీలే ఓడ ఖర్చు అప్పుగా పెట్టి తీసుకెళ్లేవారు.

కంపెనీ ఉద్యోగినికి అప్పు బెడద లేదు. కానీ నెలకు ఇంతమందిని చేర్చాలన్న లెక్క ఉంటుంది. ఎంపికైనవాడు చేరవలసిన రోజున ఫోను ఎత్తడు. రానివారి కోసం ఎదురుచూపు, వచ్చినవారిలో పదిమందికి 'లేదు' అని చెప్పడం రోజూ ఉన్న పనే.

పని వల్ల మనిషి ఇలా కాలిపోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వర్గీకరణలో వివరించింది. వ్యాధి అనలేదు, వృత్తికి సంబంధించిన స్థితి అంది. విశ్రాంతి లేని అలసట ఒక గుర్తు, చేతకావడం లేదన్న భావన మరొకటి. పని మీద విముఖత, మనసు బండబారడం ఇంకొకటి. ఈ బండబారడమే నాకు భయంగా తోస్తుంది. ఎదుటివాడు మనిషిగా కాక తలల లెక్కలో ఒక తలగా కనిపించడం మొదలైతే, మేస్త్రీ మోసే ఒత్తిడి కూలీ నెత్తికెక్కుతుంది. అడ్వాన్సు వెట్టిగా మారేది అక్కడే. 1976 చట్టం నిషేధించింది ఆ వెట్టినే.

మందు కాగితంలో ఉందని నా నమ్మకం. అంతర్రాష్ట్ర వలస కూలీల కోసం 1979లో చేసి, 2025 దాకా అమల్లో ఉన్న చట్టం కాంట్రాక్టరుకు లైసెన్సు, కూలీకి ఫొటో అతికించిన పాసుపుస్తకం ఉండాలంది. కూలి రేటు, తిరుగు ఛార్జీ అందులో రాయాలంది. అది కూలీ రక్షణ కోసమే చేసినా, మేస్త్రీకీ రక్షగానే ఉండేది! ఎవరేమన్నారో రాసి ఉంటే రాత్రి నిద్రపడుతుంది. అలాంటి కాగితాన్ని ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి చదివి వినిపించండి. మీ చేతిలో లేనిదాన్ని అడిగితే "కనుక్కుని చెబుతాను" అనండి. కాదన్న కబురు ఆ రోజే చెప్పేయండి, వాయిదా వేసినకొద్దీ బరువెక్కుతుంది. అన్నం తినేవేళ ఫోను పక్కన పెట్టండి. సారాతో తగ్గిందనుకున్నది తెల్లారేసరికి రెట్టింపవుతుంది.

అయినా నిద్ర పట్టక, గుండె దడగా ఉంటే టెలి మానస్ ఉంది. 2022 అక్టోబరులో ప్రారంభమైన ప్రభుత్వ సేవ. నంబరు 14416. రాత్రయినా పగలైనా తెలుగులో గానీ ఒడియాలో గానీ మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు.