విద్యుద్వాద్యము – గొరవయ్య డమరుకము

విద్యుత్తుతో మ్రోగు వాద్యమనగానే పెద్దలు కొందరు పెదవి విరతురు. అందు ప్రాణము లేదని వారి వాదము. ఈ వాదము క్రొత్తది కాదు. గమకములను పలికింపజాలదను ఆక్షేపణ కారణముగా ఆలిండియా రేడియో 1940లో హార్మోనియమును నిషేధించినది. ఆ నిషేధము 1971 వరకు సడలలేదు. మన పద్యనాటకరంగము మాత్రము ఆ పెట్టెను ఎన్నడును విడువలేదు. దాని శ్రుతిపైననే తెల్లవార్లు రాగములు తీసినది.

విద్యుత్తు విషయమున ఇట్టి సందేహమును తీర్చినవాడు పాలకొల్లున జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014). మాండొలిన్ పాశ్చాత్య వాద్యము. దాని జంట తీగెలపై మీటిన స్వరము త్వరగా అణగిపోవును. కర్ణాటక సంగీతమునకు జీవమైన గమకము ఆ కొద్ది వ్యవధిలో ఇముడుట కష్టము. శ్రీనివాస్ జంట తీగెలను వీడి, ఐదు ఒంటి తీగెల విద్యుత్ మాండొలిన్‌ను చేపట్టెను. తీగె కంపనమును దాని క్రింది అయస్కాంతపు చుట్ట విద్యుత్తుగా మార్చును. ఆ విద్యుత్తు బలము పుంజుకొని స్పీకరులో నాదమగును. అందుచే స్వరము నిలిచినది. నిలిచిన స్వరముపై వ్రేలు జారుటకు తావు దొరకినది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవమున తొలి కచేరీ చేసిన ఆ బాలుడు, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవమున వాయించెను. 1995లో మైకేల్ బ్రూక్‌తో కలిసి వెలువరించిన ‘డ్రీమ్’లో అతని మాండొలిన్ ఎలక్ట్రానిక్ ధ్వనులతో జతకట్టినది.

నేడు నగరములలో సినిమాతో ప్రమేయము లేక, తమ పాటను తామే కట్టుకొని, శ్రోతల యెదుట నిలిచి పాడు బృందములను ‘ఇండీ’ బృందములందురు. జానపదపు నడకను గిటారుతో మేళవించిన హైదరాబాదు ‘చౌరస్తా’ బృందము అట్టిది. ఈ స్వతంత్రత ఆలూరు సీమకు క్రొత్త కాదు. 1953 వరకు బళ్లారి జిల్లాలో ఉండి, ఆంధ్రరాష్ట్రావతరణముతో ఇటు చేరిన ఈ ప్రాంతమున తెలుగు, కన్నడములు ఇరుగుపొరుగులు. మైలారలింగని భక్తులైన గొరవయ్యలు నల్లకంబళి ధరించి, ఎలుగుబంటి వెంట్రుకల టోపీ పెట్టి, ఒక చేత డమరుకము, మరొక చేత పిల్లనగ్రోవి పట్టి ఆడి పాడుదురు. పాట వారిదే, వాద్యము వారిదే, వేదిక ఊరి వీధియే.

అయితే తిరునాళ్లలో సినిమా పాటల రికార్డులు పెద్ద స్పీకర్లలో హోరెత్తునపుడు ఆ డమరుకము పది అడుగుల దూరమైనను వినబడదు. ఈ దోషమును విద్యుత్తుపై మోపరాదు. అదే మైకును పిల్లనగ్రోవి చెంత నుంచినచో, చివరి వరుసలోని బాలుడును వినగలడు. ఎవరి గొంతును పెద్దది చేయవలెనో నిర్ణయించువారము మనమే.

కావున ఉపాధ్యాయులకు ఒక మనవి. బడి వార్షికోత్సవమున రికార్డు పాటలకు నృత్యములతోనే సాయంకాలమును ముగింపక, ఒక్క గంట ప్రత్యక్ష సంగీతమునకు విడువుడు. గొరవయ్యను పిలువుడు, కీబోర్డు వాయించు విద్యార్థిని అతని ప్రక్కన కూర్చుండబెట్టుడు. డమరుకము వేగము పెంచినపుడు ఆ విద్యార్థి చెవి యొగ్గి తన వేగమును మార్చుకొనవలసి వచ్చును. రికార్డు పాట ఎవరి కొరకును ఆగదు, ఎవరిని చూచియు మారదు. ఎదుటివానిని విని తన్ను తాను దిద్దుకొనుట, పుస్తకము చెప్పలేని పాఠము.