సైనిక కుటుంబాల సంఘాలు: ఆస్తి ఎవరి పేరిట?

సూరత్: మాజీ సైనికుల భార్యలు, వితంతువులు, పిల్లల సంక్షేమానికి ఏర్పడిన అనుబంధ సంఘం విరాళాలతో ఒక భవనం కొంటే చట్టం దృష్టిలో దాని యజమాని ఎవరు? సంఘమేనన్నది సామాన్యంగా వచ్చే సమాధానం. అయితే సూరత్‌లో రిజిస్టరైన సంఘానికీ, వరంగల్‌లోనో గుంటూరులోనో రిజిస్టరైన సంఘానికీ చట్టం ఒకే జవాబు చెప్పదు. మరమగ్గాల పనికి వలస వెళ్లిన తెలుగు కుటుంబాలు స్థిరపడిన నగరం కనుక ఈ తేడాను తెలుగువారు కూడా గమనించవలసి ఉంది.

1999 కార్గిల్ యుద్ధ కాలంలో సూరత్‌లో ఏర్పడిన జయ్ జవాన్ నాగరిక్ సమితి అమరవీరుల కుటుంబాలకు ఆర్థిక సహాయం అందిస్తూ వచ్చింది. నగదు సహాయం చేతికి అందడంతో ముగుస్తుంది. వసతిగృహం, కుట్టుశిక్షణ కేంద్రం వంటి స్థిరాస్తి విషయం వేరు. వాటిని కొన్న తరం గతించిన తర్వాత కూడా హక్కు నిలవాలి.

పాత చట్టం, పరిమిత హోదా

గుజరాత్‌లో ఇటువంటి సంఘాలు సాధారణంగా ఆశ్రయించేది 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టాన్ని. ఏడుగురు కలిసి సంఘ ఆశయపత్రంపై సంతకాలు చేస్తే రిజిస్ట్రేషన్‌కు అర్హత లభిస్తుంది. ఏయే సంఘాలకు చట్టం వర్తిస్తుందో చెప్పే 20వ సెక్షన్ సైనికుల అనాథ పిల్లల నిధులను పేరెత్తి మరీ చేర్చింది.

ఐదవ సెక్షన్ ప్రకారం, ధర్మకర్తలకు అప్పగించని సంఘ ఆస్తి పాలకవర్గానికి సంక్రమించినట్లు భావించాలి. ఆరవ సెక్షన్ ప్రకారం దావాలు నియమావళిలో నిర్ణయించిన అధ్యక్షుడు, కార్యదర్శి లేదా ధర్మకర్తల పేరిట నడుస్తాయి. ఢిల్లీలోని ఆయుర్వేద, యునానీ తిబ్బియా కళాశాల కేసులో 1961లో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు, ఈ చట్టం కింద రిజిస్టరైనంత మాత్రాన సొసైటీ సంపూర్ణ నిగమం కాజాలదని స్పష్టం చేసింది. వీలునామా అమలుకు అవసరమైన అధికారపత్రాన్ని అటువంటి సొసైటీ తన పేరిట పొందజాలదని 2003లో ఇలాచీ దేవి కేసులో తేల్చింది. కనుక సంఘానికి ఇల్లు రాసిపోదలచిన దాత వీలునామాలో అమలుకర్తగా ఒక వ్యక్తిని పేర్కొనడం క్షేమం.

తెలుగు రాష్ట్రాల్లో వేరు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2001లో సొంత సొసైటీల చట్టం చేసుకుంది. రిజిస్ట్రేషన్‌తోనే సంఘానికి నిగమ హోదా, శాశ్వత ఉనికి, అధికార ముద్ర లభిస్తాయని దాని 18వ సెక్షన్ చెబుతోంది. ఆస్తిని సంపాదించడానికి, అనుభవించడానికి, విక్రయించడానికి సంఘానికే అధికారం ఉంటుంది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ కూడా ఈ చట్టాన్నే స్వీకరించింది.

అమెరికాలో కొన్ని సంఘాలకు కాంగ్రెసే ప్రత్యేక చట్టంతో నిగమ హోదా కల్పించింది. సైనికుల తల్లుల సంఘమైన అమెరికన్ వార్ మదర్స్‌కు 1925లో, యుద్ధంలో బిడ్డలను కోల్పోయిన గోల్డ్ స్టార్ మదర్స్‌కు 1984లో ఆ హోదా దక్కింది.

అమ్మకానికి అనుమతి తప్పదు

సూరత్ సంఘాలకు మరో కట్టడి కూడా ఉంది. ధార్మిక ప్రయోజనం గల సొసైటీ 1950 నాటి బొంబాయి పబ్లిక్ ట్రస్టుల చట్టం పరిధిలోకి కూడా వస్తుంది. ఈ చట్టం గుజరాత్‌లో నేడు గుజరాత్ పబ్లిక్ ట్రస్టుల చట్టంగా అమలులో ఉంది. దాని 36వ సెక్షన్ ప్రకారం ఛారిటీ కమిషనర్ ముందస్తు అనుమతి లేనిదే స్థిరాస్తి అమ్మకం, మార్పిడి, దానం చెల్లవు. భవనాన్నిగానీ వ్యవసాయేతర భూమినిగానీ మూడేళ్లకు, సాగుభూమిని పదేళ్లకు మించి లీజుకివ్వాలన్నా అనుమతి కావలసిందే. ట్రస్టు ప్రయోజనాన్ని, ఆస్తి రక్షణను దృష్టిలో ఉంచుకుని కమిషనర్ నిర్ణయిస్తారు.

పాలకవర్గానికి ఇది జాప్యంగా తోచవచ్చు. కానీ నలుగురు కూడబలుక్కుని వితంతువుల వసతిగృహాన్ని చౌకగా అమ్మివేయకుండా అడ్డుకునేది ఈ నిబంధనే. సంఘం రద్దయినా ఆస్తిని సభ్యులు పంచుకోరాదు. అప్పులు తీర్చగా మిగిలినది మరో సంఘానికి చెందాలి. ఆ సంఘం ఏదో నిర్ణయించడానికి హాజరైన సభ్యుల్లో ఐదింట మూడు వంతుల మంది ఓటు అవసరమని 1860 చట్టమే నిర్దేశించింది.

సొంత పేరిటే ఆస్తి ఉండాలనుకునే సంఘాలకు 2013 కంపెనీల చట్టం ఎనిమిదవ సెక్షన్ మరో మార్గం చూపుతోంది. లాభాపేక్ష లేని కంపెనీగా నమోదైతే నిగమ హోదా లభిస్తుంది. కంపెనీల రిజిస్ట్రార్‌కు ఏటా లెక్కలు సమర్పించే బాధ్యత కూడా దాని వెంటే వస్తుంది.

ఏ మార్గమైనా, విరాళాల సొమ్ముతో కొన్న ఇంటి పత్రాన్ని సౌలభ్యం కోసం ఏ ఒక్క సభ్యుని సొంత పేరిటా రాయించకపోవడం ప్రధానం. అలా రాసిన నాడు, ఆయన కన్నుమూశాక ఆ ఇల్లు తమదేనని వారసులు వాదిస్తే, సంఘం విరాళాల లెక్కలు పట్టుకుని కోర్టు మెట్లెక్కవలసి వస్తుంది. ఆ వ్యాజ్యం తేలేవరకు ఇబ్బంది పడేది ఆ కప్పు కింద తలదాచుకున్న సైనికుల కుటుంబాలే.