చిల్లుకుండకు ఎంత నీరు పోసిన నిండును?

తెల్లవారుజామున చీకటి వీడకమునుపే వీధికుళాయి చెంత బిందెలు బారులు తీరును. మనుష్యులకంటె ముందుగా వారి స్థానమును కాపాడుటకు ఒక రాయియో, చిల్లుపడిన తపేలాయో వరుసలో కూర్చుండును. కుళాయి గొంతులో మొదట గాలి గురగురలాడును. పిదప ఎర్రని నీరు కొంత, ఆ పిదప తెల్లని నీరు. గంట గడచునప్పటికి ధార సన్నగిల్లి దారమగును. వరుస చివర నిలచిన ఇల్లాలు ఖాళీ బిందెతో వెనుదిరుగును. మన చిన్న పట్టణములలో ఎన్నింటిలోనో తరతరములుగా చూచుచున్న దృశ్యమిది.

ఈ కొరతకు కారణమేమని ఊరిలో ఎవరిని అడిగినను వచ్చు సమాధానమొకటే: నీరు చాలదు, ఇంకొక ట్యాంకు కట్టవలెను. ట్యాంకు కట్టుదురు. శిలాఫలకము వెలయును. కొన్ని సంవత్సరములకు బిందెల బారు మరల యథాస్థానమునకు వచ్చును. నీరు చాలకపోవుట కొంత నిజమే. ఉన్న నీరు చేరవలసిన చోటికి చేరకపోవుట అంతకంటె పెద్ద నిజము.

నీరు పల్లమెరుగు

నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అను సామెతలోని మొదటి సగము మంచినీటి పథకములకు మూలసూత్రము. ఏటినుండి తెచ్చిన నీటిని పటికతో తేర్చి, ఇసుకపడకలలో వడగట్టి, క్లోరినుతో శుద్ధిచేసి, ఎత్తైన ట్యాంకునకు పంపుతో ఎక్కింతురు. అటనుండి దానిని ఇంటింటికి నడపునది దాని బరువే. పది మీటర్ల ఎత్తున నిలచిన నీరు చదరపు సెంటీమీటరునకు దాదాపు ఒక కిలోగ్రాము ఒత్తిడి కలిగించును. ఒంటి అంతస్తు ఇండ్లున్న వీధిగొట్టములో ఏడు మీటర్ల ఒత్తిడియు, రెండంతస్తులకు పన్నెండు మీటర్లును, మూడంతస్తులకు పదునేడును మిగిలియుండవలెనని 1999 లో వెలువడిన భారత ప్రభుత్వ నీటి సరఫరా నియమావళి నిర్దేశించినది.

కిటుకంతయు గొట్టపు వెడల్పులో నున్నది. గొట్టపు అడ్డుకొలత రెండింతలైనచో, అంతే ఒత్తిడికి ప్రవహించు నీరు రెండింతలు కాదు, ఆరింతలకు మించును. సగమైనచో ఆరవవంతు కూడ రాదు. ఇనుపగొట్టములు లోలోపల తుప్పుపొక్కులతో ఇరుకగును. రెండువందల ఇండ్లకై వేసిన గొట్టమునకు కాలక్రమమున వేయి ఇండ్లు తగులుకొనును. పల్లపు వీధివారు, కుళాయికి మోటారు బిగించినవారు ముందుగా నీరు పట్టుకొందురు. మెరక పేటకును, గొట్టపు చిట్టచివరి వాడకును మిగులునది గాలి మాత్రమే. ఆ చివరి వాడ తరచుగా పేదల వాడయే యగుట గమనింపదగినది.

పంపులను, వడబోత యంత్రాంగమును 15 సంవత్సరములకును, గొట్టములను 30 సంవత్సరములకును సరిపడునట్లు రూపొందింపవలెనని పై నియమావళియే చెప్పుచున్నది. పంపు మొరాయించినచో ఊరంతయు కలవరపడును గనుక దానిని మార్చుదురు. భూమిలోని గొట్టము కంటికి కనబడదు, నోరెత్తి అరవదు. గడువు తీరినను దానిని తలచువారుండరు.

విడచి విడచి వచ్చు నీరు

దినమునకొక గంటయో, రెండు దినములకొకసారియో నీరు వదలుట పొదుపని పెక్కుమంది నమ్మకము. నిజమునకు అది పొదుపు కాదు. మరల ఎప్పుడు వచ్చునో తెలియదు గనుక ప్రతి ఇంటను తొట్లు, డ్రమ్ములు నింపుదురు; కొత్తనీరు రాగానే పాతనీటిని పారబోయుదురు. నీరు వచ్చినది తెలియుటకై కుళాయిలను విప్పియే యుంచుదురు.

అంతకంటె ఘోరమైన ప్రమాదము వేరొకటి కలదు. గొట్టము నిండుగా ఒత్తిడితో నున్నంతవరకు చిల్లులోనుండి నీరు వెలుపలికి పోవునే గాని వెలుపలిది లోనికి రాలేదు. సరఫరా నిలచి గొట్టము ఖాళీయైనప్పుడు లోపల శూన్యమేర్పడి, చుట్టునున్న తడిని ఆ చిల్లే లోనికి పీల్చును. మన వీధులలో కుళాయిగొట్టము మురుగుకాలువ ప్రక్కగనో, దాని అడుగుననో, ఒక్కొక్కచోట కాలువ మధ్యనుండియో పోవుచుండును. ఇంక పీల్చునది ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. 2018 మార్చిలో గుంటూరు నగరమున కొన్ని పేటలలో కలుషిత జలము వలన అతిసారము ప్రబలి పలువురు ప్రాణములు కోల్పోయిరి. గొట్టమునకు పడిన చిల్లు కేవలము నీటినష్టము కాదు, ప్రాణహాని కూడనని ఆ దుర్ఘటన మరువరాని విధమున చాటినది.

కుళాయి వద్ద లీటరు నీటిలో 0.2 మిల్లీగ్రాముల క్లోరినైనను మిగిలియుండవలెనని భారత ప్రమాణము. చిన్న గాజుగొట్టములో నీరు పట్టి రెండు చుక్కల మందు వేసి, పసుపురంగు తేలినదో లేదో చూచుట ప్రతి పంచాయతీలోను సాధ్యమగు పరీక్ష. అయితే దానిని ట్యాంకు క్రింద చేసిన చాలదు. చిట్టచివరి వాడలో, చిట్టచివరి కుళాయి వద్ద చేసినప్పుడే దాని ప్రయోజనము.

మల్కాపూరు చూపిన దారి

మహారాష్ట్రమున సాతారా జిల్లాలో కరాడు ప్రక్కన మల్కాపూరు అను చిన్న పట్టణము కలదు. 2011 నాటికి జనాభా సుమారు 30 వేలు. పూనా, బెంగుళూరు రాజమార్గముపై నుండుటచే వేగముగా పెరుగుచు వచ్చిన ఊరు. ఇక్కడను మొదట తలపెట్టినది వాడుకగా వచ్చు పద్ధతియే: పథకమును విస్తరించి, ఎప్పటివలె వేళకు ఇంతయని నీరు వదలుట. ఇంజనీర్లును, పట్టణ పాలకులును ఆ ఆలోచనను మార్చుకొనిరి. ఇరువదినాలుగు గంటలును కుళాయిలో నీరుండునట్లు పథకమును తిరిగి రూపొందించిరి. 2009 నాటికి అది అమలునకు వచ్చినది.

వారు చేసినది ఇంద్రజాలము కాదు. ప్రతి వీధికి ఎంత ఒత్తిడితో ఎంత నీరు చేరునో కంప్యూటరుపై లెక్కకట్టిరి. ఊరిని మండలములుగా విభజించిరి. తుప్పు పట్టని ప్లాస్టిక్ గొట్టములు వేసిరి. ఇంటింటికి మీటరు బిగించి, వాడుక పెరిగినకొలది ధర పెరుగునట్లు మెట్లమెట్లుగా రుసుము నిర్ణయించిరి. కొద్దిగా వాడు పేదయింటికి కొద్ది ధర. తోటలు తడుపువానికి హెచ్చు ధర.

నీరు ఎల్లవేళల నున్నచో జనులు విచ్చలవిడిగా వాడుదురని భయపడుట సహజము. అట్లు జరుగలేదు. రేపును నీరుండునని నమ్మినవాడు నేడు తొట్టి నింపడు, నిలువనీటిని పారబోయడు. మీటరు తిరుగుచుండగా కుళాయిని విప్పి వదలిపెట్టడు. నీటిని మిగిల్చినది నిర్బంధము కాదు, నమ్మకము.

మీటరనగానే మన ఊళ్ళలో అలజడి పుట్టును. నీటికి ధర కట్టుట ధర్మమా అను ప్రశ్న న్యాయమైనదే. కాని నేడు ఉచితముగా నీరు త్రాగుచున్న పేదవాడెవడు? ఇరువది లీటర్ల క్యానుకు డబ్బు చెల్లించువాడు, టాంకరు వెంట పరుగెత్తువాడు అతడే. బిందెల బారులో అతని భార్య గడపు గంటలను ఏ లెక్కల పుస్తకమును లెక్కగట్టలేదు.

ముందు మరమ్మతు, పిదప విస్తరణ

లెక్క ఒకటి వేసి చూతము. మురుగుపారుదల వ్యవస్థ గల పట్టణమున తలకు దినమునకు 135 లీటర్లని నియమము. 30 వేల జనాభా గల ఊరికి 40 లక్షల లీటర్లు కావలెను. నష్టము 15 శాతమునకు లోబడవలెనని నియమావళి కోరుచున్నది. ఆ ఊరిలో గొట్టముల చిల్లులవలన నూటికి 40 పాళ్లు పోవుచున్నవనుకొందము. దినమునకు 16 లక్షల లీటర్లు మట్టిపాలు. కొత్త పంపులతో ఇంకొక 10 లక్షల లీటర్లు తెచ్చిరనుకొందము. అందులో 4 లక్షలు అదే దారిన పోవును. పైగా ఒత్తిడి పెరిగినకొలది చిల్లులు మరింత కక్కును. చిల్లుకుండను మార్చక చేద పెద్దది చేసిన ఫలితమిదియే.

చిల్లులను పట్టుకొను విద్యయు పెద్ద రహస్యము కాదు. ఊరు నిద్రించు వేళ, రాత్రి రెండు నాలుగు గంటల నడుమ, వాడకము దాదాపు ఉండదు. ఆ సమయమున మండలమునకు పోవు గొట్టముపై మీటరు తిరుగుచున్నదనగా, పోవుచున్న నీరు చాలవరకు భూమిలోనికే. అప్పుడు ఫిట్టరు ఇనుపకడ్డీని వాల్వుపై ఆనించి, రెండవ కొనను చెవికి చేర్చి వినును. చిల్లున్నచోట బుసకొట్టు సవ్వడి వినబడును. నేడు దీనికి యంత్రములు వచ్చినవి గాని, ఏ మలుపులో ఏ గొట్టమున్నదో ఎరిగిన ముదుసలి ఫిట్టరు జ్ఞాపకము పెక్కు పట్టణములలో నేటికిని ఏకైక పటము. అతడు పదవీ విరమణ చేయునాడు ఆ పటమును అతనితోనే పోవును. దానిని కాగితముపై కెక్కించుట మరమ్మతులలో మొట్టమొదటి మరమ్మతు.

విస్తరణ అక్కరలేదని దీని భావము కాదు. పెరుగు ఊరికి కొత్త నీరు కావలసినదే. 2015 లో అమృత్ పథకము, 2016 ఆగస్టు 7 న గజ్వేలు చెంత కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథ, 2019 లో జల్ జీవన్ మిషన్ మన ప్రాంతములకు నీటిని చేరువ చేసినవి. అంతటి వ్యయముతో వచ్చిన నీటిని ఊరిలోని పాతగొట్టములు వీధిపాలు చేయకుండ చూచుట ఆ ఊరి బాధ్యత.

పూర్వుల పాఠము

ఈ వివేకము మనకు కొత్తది కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువుకట్ట చెంతనున్న 1369 నాటి సంస్కృత శాసనము మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, ఆరు దోషములను పేర్కొన్నది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును దినమునకు వేయిమంది కూలీలతో, నూరు బండ్లతో రెండేండ్లు శ్రమించి కట్టించెను. దోషములలో మొదట ఎన్నబడినది కట్టనుండి నీరు కారుట! చెరువులను కట్టుటతో ఆగక, వాని మరమ్మతులకై దశబంధమను పేర మాన్యములిచ్చు ఆచారమును తెలుగునాట నుండెను. మరమ్మతు దయాధర్మము కాదు, నిర్మాణములో భాగమని వారెరుగుదురు. నేటి పురపాలక సంఘములు నీటి రాబడిలో కొంత భాగమును గొట్టముల కొరకే వేరుగా నుంచినచో అదియే ఈనాటి దశబంధము.

మల్కాపూరు చెంత ప్రవహించు కోయనానది కరాడు వద్ద కృష్ణలో కలియును. ఆ నీరే కన్నడసీమ దాటి, తెలుగునేలను తడిపి, హంసలదీవి వద్ద సాగరమును చేరును. నది అన్ని ఊళ్లకును ఒకటే. ఒక ఊరిలో అది అర్ధరాత్రియైనను కుళాయి త్రిప్పగనే పలుకును. వేరొక ఊరిలో తెల్లవారుజామున బిందెల బారును చూచి గురగురలాడి ఊరకుండును. భేదము నదిలో లేదు. ఎవరును చూడని భూమి లోపల, శిలాఫలకము వెలయని చోట, మనము చేసిన పనిలోను, చేయక వదలిన పనిలోను ఉన్నది.