గట్టుమీది కంప్యూటరు పెట్టె – కరెంటు వరుస

మన నెల్లూరు తీరమున అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు మండలములలో రొయ్యల గుంతలు సాగుచేయు రైతులకు తెల్లవారుజాము గండమువంటిది. నీటిలోని సన్నని పాచి పగలు ప్రాణవాయువు నిచ్చును. రాత్రి తానే దానిని పీల్చివేయును. ఆ వేళ ఏరియేటర్లు ఆగినచో పంట దక్కదు. దీనిని కనిపెట్టుటకు గట్టుమీద నుంచు కంప్యూటరు పెట్టెలు అమ్మకమునకు వచ్చుచున్నవి. వాని లోపలి ఏర్పాటును కొంత తెలిసికొనుట మనకు మేలు.

ఇట్టి పెట్టెలు కొన్నింటిలో రెండు పలకలుండును. లెక్కలు చేయు చిన్నపలక మాడ్యూలు. దానిని మోయుచు, దానికి కరెంటునందించుచు, సెన్సార్లను రిలేలను కలుపు పెద్దపలక క్యారియర్ బోర్డు. మాడ్యూలు చెడినచో దాని నొక్కదానినే మార్చవచ్చును. అయితే గాడిలో పట్టిన ప్రతి మాడ్యూలును ఒకే కరెంటునకు ఓర్వదు. జెట్సన్ నానో, జెట్సన్ ఓరిన్ ఎన్ఎక్స్ అను రెండును 260 కాళ్ల గాడిలోనే కూర్చుండును. మొదటిది 5 వోల్టులకే తగినది. రెండవది 5 మొదలు 20 వోల్టుల వరకు ఓర్చును. 12 వోల్టులు తగిలినచో మొదటిది చెడిపోవును. ఇందులకే మాడ్యూలు జాతిని తెలుపు గుర్తుకాళ్లు ఏర్పరచిరి. మంచి బోర్డు ముందుగా వానిని చూచి, మాడ్యూలు లేకున్నను, తగనిదైనను కరెంటు విడువదు.

పిల్లకాలువల గట్లు సరిచూచుకొనిన పిమ్మటనే గదా తూము ఎత్తుదుము! అట్లే మొదట మాడ్యూలునకు కరెంటు అందవలెను. అది సిద్ధమని సైగ చేసిన పిమ్మటనే బోర్డుమీది తక్కిన భాగములకు అందవలెను. వరుస తప్పినచో, ఆ భాగములనుండి కరెంటు తీగలవెంట మాడ్యూలులోనికి దొంగదారిని చొరబడును. అప్పుడది మొదలుకాకపోవచ్చును, చెడనూవచ్చును.

ఇక మనకు గల చిక్కు ఇది. కరెంటు పోయి వచ్చినపుడు మాడ్యూలు పనిలోనికి వచ్చుటకు కొంత వ్యవధి పట్టును. ఉప్పుగాలికి గుర్తుకాలు చిలుము పట్టెనా, మాడ్యూలు బాగున్నను బోర్డు దానిని గుర్తింపదు. రిలే మాడ్యూలు మాటకే ఎదురుచూచునదైనచో, లైనులో కరెంటు ఉండియు ఏరియేటర్లు నిలిచియుండును.

కావున పెట్టె కొనువారు ఈ మూడు సంగతులు అడుగవలెను.

1. మాడ్యూలు పలుకనపుడు ఏరియేటర్లు తిరుగునా, ఆగునా? తిరుగునట్లుండుటయే క్షేమము.

2. పెట్టెతో నిమిత్తము లేక ఏరియేటర్లను నడుపుటకు చేతి స్విచ్చి కలదా?

3. కరెంటు వచ్చినపుడు మోటార్లు ఒకదాని వెనుక నొకటి మొదలగునా? మొదలగునపుడు మోటారు మామూలుకంటె పలురెట్లు కరెంటు లాగును గాన, అన్నియు ఒక్కుమ్మడి లేచుట మంచిది కాదు.

మాడ్యూలు మార్చునపుడు మెయిన్ తీసి, పెట్టెలోని బ్యాటరీని విడదీసి, తెలిసినవానిచేతనే మార్పింపవలెను. పెట్టె మూత గాలి చొరకుండ బిగింపవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, పట్టపగలు మనుష్యులు గట్టుమీద నుండగా మెయిన్ ఒకసారి తీసి, మరల వేసి చూడుడు. ఏరియేటర్లు వాటంతట అవి తిరిగినచో సరి. లేనిచో ఆ లోపము తెల్లవారుజామున గాక పగలే మన కంటబడును.