వడ్లు మొలవకపోతే తప్పు ఇత్తనానిదా, సలిదా?

యాసంగి నారు పోసే రోజులొస్తే నా ఫోన్‌కు ఒకటే తీరు ఫోటోలు వస్తయి. మడి నిండ బురద, అక్కడక్కడ నాలుగు మొలకలు. "అన్నా, నకిలీ ఇత్తనం అంటగట్టిండ్రు" అని కింద మెసేజ్. దుకాణం ఆయనను అడిగితే "సలికి మొలవలే, నేనేం జేస్త" అంటడు. ఎవరి మాట నిజమో తేలాలంటే గింజ లోపల ఏమైతదో తెల్వాలె.

వడ్ల గింజ అంటే బువ్వ మూట. దాని మూలకు చిన్న పిండం ఉంటది. నీళ్ళు తాగంగనే అమైలేజ్ అనే ఎంజైమ్ పిండిపదార్థాన్ని చక్కెర చేస్తది, అది తిని మొలక బయటికొస్తది. ఈ పని 25 నుంచి 35 డిగ్రీల నడుమ మంచిగ సాగుతది. 20 కిందికి దిగితే మందగిస్తది, 10 దగ్గర దాదాపు ఆగిపోతది. గింజ వెంటనే సావదు గని, సల్లటి బురదల పడి ఉండి ఉండి బూజు పట్టి కుళ్ళుతది. డిసెంబర్, జనవరి రాత్రుల్ల ఆదిలాబాద్ దిక్కు 10 లోపలికి పోవుడు కొత్తేం గాదు. గోధుమకైతే ఈ బాధ తక్కువ, 5 డిగ్రీలల్ల కూడ మెల్లగ మొలుస్తది.

వేడి ఎక్కువైనా ముప్పే. మండె కట్టినంక గింజలు ఊపిరి తీసుకుంటయి, సంచి నడుమ వేడి పుడ్తది. అది 40 దాటి పోతే మొలక దెబ్బతింటది. మన పెద్దోళ్ళు సంచిల చెయ్యి పెట్టి చూసి నీళ్ళు చల్లేది గందుకే. మనం చాదస్తం అనుకున్నం!

ఇగ అసలు సంగతి. వరి ఇత్తనానికి కనీసం 80 శాతం మొలక ఉండాలని నిబంధన. కానీ ఆ లెక్క ల్యాబ్‌ల, వెచ్చదనంల తీసింది. మీ మడి సలిల తీసింది కాదు. అందుకే నారు పోయకముందే అదే సంచిలకెల్లి 100 గింజలు లెక్కబెట్టుండ్రి. ఒక రోజు నానబెట్టి, తడి గోనెపట్టల చుట్టి, ఇంట్ల వెచ్చటి జాగల పెట్టి, తడి ఆరకుండ చూసుకోండ్రి. 5వ రోజు చూసి, రాకుంటే రెండు వారాల దాక ఆగుండ్రి. ఇంట్ల 80 దాక మొలిచి మడిల మొలవకుంటే అనుమానం సలి మీదికే పోవాలె. ఇంట్ల కూడ సగం మొలవకుంటే ఇత్తనాన్నే అనుమానించాలె. మొన్న కోసిన సొంత వడ్లయితే మాత్రం నిద్రావస్థల ఉండొచ్చు, తొందరపడి తీర్పు చెప్పొద్దు.

సలి అయితే దారి ఉంది. మండె ఇంకో పూట ఎక్కువ ఉంచుండ్రి. సాయంత్రం మడిల సల్లనీళ్ళు తీసేసి, పొద్దుగాల బోరు నీళ్ళు పెట్టుండ్రి, భూమిలకెల్లి వచ్చే నీళ్ళు సలికాలంల గోరువెచ్చగ ఉంటయి. రాత్రి పుల్లలు పాతి పాలిథిన్ పట్టా కప్పి, పొద్దున తీసెయ్యాలె.

ఇత్తనందే తప్పయితే వ్యవసాయ అధికారికి కాగితం మీద రాసిచ్చి, మీ కాపీ మీద ముట్టినట్టు సంతకం తీసుకోండ్రి. బిల్లు, ట్యాగు, మిగిలిన గింజలు దాచిపెట్టుండ్రి. బిల్లు అడిగితే "రేపు రా" అనే దుకాణాలు ఉన్నయి. బిల్లు చేతికొచ్చేదాక సంచి ఎత్తకండ్రి.