రాసే చేయి

మానుకోట రైలు స్టేషను మీలో చాలామంది చూసే ఉంటారు. అదే మహబూబాబాద్. నిజాం కాలంలో అక్కడ రైల్వే పోలీసుగా పనిచేసినాయన కొడుకు షోయబుల్లాఖాన్. 1920లో పుట్టాడు. ఉస్మానియాలో బి.ఏ. చదివాడు. అంత చదువుకు మంచి సర్కారు కొలువే దొరికేది. ఆయన మాత్రం పత్రికలో చేరాడు.

'తేజ్' పత్రికలో రాశాడు. సర్కారు దాన్ని మూయించింది. 'రయ్యత్' పత్రికలో రాశాడు. రయ్యత్ అంటే రైతు. దాన్నీ మూయించింది. 1947 నవంబరులో తానే 'ఇమ్రోజ్' అనే ఉర్దూ పత్రిక పెట్టాడు. అంటే 'ఈ రోజు'.

అందులో ఏం రాశాడు? నిజాం కొమ్ము కాసే రజాకార్లు ఊళ్లమీద పడి చేసే జులుం గురించి రాశాడు. హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలవాలని రాశాడు. రజాకార్లు ముస్లిములు. తానూ ముస్లిమే. అందుకే వాళ్లకు మరీ మండింది. చంపుతామని బెదిరించారు. ఆయన రాయడం ఆపలేదు.

1948 ఆగస్టు 21 రాత్రి. పత్రిక పని ముగించుకుని కాచిగూడలో ఇంటికి వస్తున్నాడు. దారి కాసి కాల్చారు. చేయి నరికారు. రాసే చేయి! వెంట ఉన్న బామ్మర్దినీ నరికారు, ఆయన బతికాడు. తెల్లారేసరికి షోయబ్ చనిపోయాడు. అప్పుడు ఆయనకు 27 ఏళ్లు.

నెల తిరగకముందే భారత సైన్యం వచ్చింది. సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. ఆ సంగతి తానే రేడియోలో చెప్పాడు. ఆ వార్త రాయడానికి షోయబ్ లేడు.